పాతికేళ్ళ కిందటి పంచాయతీ ఎన్నికల హత్య: కేసు కొట్టేశాక కుటుంబానికి మిగిలిన దారులు

అమ్మా, మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. నేను చెప్పబోయేదంతా ఈ వివరాల మీదే నిలబడుతుంది గనుక ఎక్కడైనా తేడా ఉంటే మీ వకీలుగారి దగ్గర సరిచేసుకోండి. మీది ముమ్మిడివరం వైపు ఒక లంక గ్రామం. 2001 ఆగస్టులో పంచాయతీ ఎన్నికలు ముగిసిన మర్నాటి రాత్రి, ఓడిన వర్గానికి ఏజెంటుగా కూర్చున్న మీ నాన్నగారిని ఇంటి అరుగు మీద నుంచి కొందరు లాక్కుపోయారు. రెండు రోజుల తర్వాత గోదావరి గౌతమీ పాయలో యానాం వైపు ఒడ్డున శవం దొరికింది. మీ అమ్మగారి ఫిర్యాదులో ఐదుగురి పేర్లు ఉండగా, ఛార్జిషీటు వేసేనాటికి వారిలో ఊళ్ళో అందరికంటే బలమున్న వ్యక్తి పేరు లేకుండా పోయింది. పెద్దల సమక్షంలో రాజీ కాగితం రాసుకోవడం, మీ అమ్మగారు బోనెక్కి చీకట్లో ఎవరినీ ఆనవాలు పట్టలేకపోయానని చెప్పడం, 2006లో సెషన్స్ కోర్టు మిగిలిన నలుగురి మీద కేసు కొట్టేయడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ఇప్పుడు అమ్మగారు పెద్దవారయ్యారు, నిజం చెప్పి పోవాలంటున్నారు. మీ తమ్ముడు సీబీఐ దర్యాప్తు కోరుతూ టీవీ వాళ్ళ దగ్గరికి వెళదామంటున్నాడు. చట్టంలో ఇంకా ఏమైనా మిగిలి ఉందా అని మీరు అడిగారు.

నలుగురి విషయంలో దాదాపు ఏమీ మిగల్లేదు. ఐదో వ్యక్తి విషయంలో మిగిలి ఉంది. మీ ఇంట్లో ఈ రెండింటినీ కలిపి ఒకే కేసుగా మాట్లాడుకుంటున్నట్టు మీ ప్రశ్నను బట్టి తెలుస్తోంది. వీటిని విడదీసి చూడనంతకాలం ఏ అధికారి దగ్గరికి వెళ్ళినా ‘కోర్టు ఎప్పుడో కొట్టేసిందమ్మా’ అన్న ఒక్క మాటతో మిమ్మల్ని వెనక్కి పంపిస్తారు.

ఆలస్యం సంగతి ముందు చూద్దాం. మూడేళ్ళకు మించి శిక్ష పడే నేరాలకు మన చట్టంలో కాలపరిమితి లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 468వ సెక్షన్ విధించిన గడువులు చిన్న నేరాలకే వర్తిస్తాయి. దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్‌లో కూడా అంతే. హత్య, హత్య చేయడానికి ఎత్తుకుపోవడం ఎన్నేళ్ళయినా విచారించదగ్గ నేరాలే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చినా, 2001 నాటి నేరం పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 302, 364 సెక్షన్ల కిందే ఉంటుంది. ఇప్పుడు కొత్తగా వేసే దరఖాస్తులు మాత్రం కొత్త సంహిత సెక్షన్ల కింద వేయాలి. ఈ చిన్న సంగతి తెలియక తప్పు సెక్షన్ రాసి, దాన్ని సరిచేసుకోవడానికే నెలలు పోగొట్టుకునేవారు ఉన్నారు.

ఆలస్యం హక్కును పోగొట్టదు, నమ్మకాన్ని మాత్రం తగ్గిస్తుంది. ‘ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నారు’ అన్నది మీరు ఎదుర్కోబోయే మొదటి ప్రశ్న. దానికి జవాబు భావోద్వేగంతో కాక కాగితాలతో చెప్పగలగాలి. చెప్పగలిగిన కేసులు లేకపోలేదు. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల మీద జరిగిన ఊచకోతలో ఐదుగురు చనిపోయిన ఒక కేసును, ఆ ఊచకోత మీద విచారించిన నానావతి కమిషన్ సిఫారసుతో 2005లో సీబీఐకి ఇచ్చారు. 2013లో కింది కోర్టు మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌ను నిర్దోషిగా వదిలేసింది. 2018 డిసెంబరు 17న ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును తిరగరాసి యావజ్జీవ శిక్ష విధించింది. ఘటనకూ శిక్షకూ మధ్య 34 ఏళ్ళు గడిచాయి. మన కోనసీమలోనే చూడండి. రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు 29న దళిత యువకులకు జరిగిన శిరోముండనం కేసులో 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం తీర్పు చెప్పింది. తీర్పునాటికి శాసనమండలి సభ్యుడిగా ఉన్న ప్రధాన నిందితుడికి 18 నెలల జైలు పడింది. అది హత్య కేసు కాదు, శిక్ష కూడా చిన్నదే, దాని మీద అప్పీలు హైకోర్టుకు వెళ్ళింది. అయినా ఎదుటివారి చేతిలో పదవి ఉన్నా బాధితులు ఇరవై ఏడేళ్ళు నిలబడగలిగారన్నది మన ప్రాంతం వాళ్ళు గుర్తుంచుకోవలసిన విషయం. ఈ రెండు కేసుల్లోనూ ప్రధాన సాక్షులు చివరిదాకా తమ మాట మీదే నిలిచారు. మీ కేసులో అసలు కష్టం అక్కడే ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక ఆ నలుగురు. ఒకసారి విచారణ జరిగి నిర్దోషిగా విడుదలైన మనిషిని అదే నేరానికి మళ్ళీ విచారించకూడదు. అప్పట్లో ప్రభుత్వం 90 రోజుల్లోగా హైకోర్టులో అప్పీలు వేయవలసి ఉండగా వేయలేదని మీరు రాశారు. బాధితులే స్వయంగా అప్పీలు వేసుకునే హక్కు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 372వ సెక్షన్‌కు చేర్చిన సవరణ ద్వారా 2009 డిసెంబరు 31 నుంచి వచ్చింది. ఆ హక్కు ఆ తేదీ తర్వాత వచ్చిన తీర్పులకు వర్తిస్తుందని 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ తీర్పు 2006 నాటిది. కింది కోర్టు తీర్పును పునఃపరిశీలించమని పై కోర్టును అడిగే రివిజన్ వేయాలన్నా దానికీ 90 రోజులే గడువు, అందులోనూ హైకోర్టు విడుదల తీర్పును నేరుగా శిక్షగా మార్చలేదు, మళ్ళీ విచారించమని మాత్రమే చెప్పగలదు. ఇరవై ఏళ్ళ ఆలస్యాన్ని మన్నించమని అడగడం అసాధ్యం కాదు గాని, ఫలితం వస్తుందని చెప్పి మీ దగ్గర ఫీజు తీసుకునే వకీలును నేనైతే నమ్మను. వారిలో ఇద్దరు ఇప్పటికే చనిపోయారన్నారు. వారి మీద ఇక ఏ కేసూ నడవదు.

ఐదో వ్యక్తి సంగతి వేరు. ఆయన మీద ఎప్పుడూ ఛార్జిషీటు పడలేదు, ఆయన ఎప్పుడూ బోనెక్కలేదు, ఏ కోర్టూ ఆయన నిర్దోషి అని చెప్పలేదు. మన వైపు స్టేషన్లలో దర్యాప్తు అధికారి ఒక పేరును తీసేయదలచుకుంటే మేజిస్ట్రేటు కోర్టుకు డిలీషన్ మెమో వేస్తాడు: ఫలానా నిందితుడు ఆ సమయంలో ఫలానా చోట ఉన్నట్టు విచారణలో తేలింది కనుక పేరు తొలగిస్తున్నాం అని అందులో రాస్తారు. నిందితుణ్ణి ఇలా వదిలేసే నివేదికను ఆమోదించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి ఆమె మాట వినాలని సుప్రీంకోర్టు 1985లోనే భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. మీ అమ్మగారికి అలాంటి నోటీసు అందిందా, అందినట్టు ఎవరైనా ఆమె వేలిముద్ర వేయించుకున్నారా అన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం. నోటీసు ఇవ్వకుండానే పేరు తీసేసి ఉంటే, ఆమెకు చట్టం ఇచ్చిన ఒక అవకాశాన్ని ఆమెకు తెలియకుండానే తీసేసుకున్నట్టు. హైకోర్టు ముందు బలంగా నిలిచే వాదన అది.

అయితే దారి ఏది? మళ్ళీ స్టేషన్‌కు వెళ్ళి కొత్త ఎఫ్‌ఐఆర్ అడగవద్దు. ఒకే ఘటన మీద రెండో ఎఫ్‌ఐఆర్ కుదరదని టీటీ ఆంటొనీ కేసులో 2001లోనే తేలిపోయింది. స్టేషన్ వాళ్ళు ఆ మాట చెప్పి తిప్పి పంపితే వారిది తప్పు కాదు. విచారణ నడుస్తుండగా సాక్ష్యాన్ని బట్టి కొత్త నిందితుణ్ణి చేర్చే పాత కోడ్ 319వ సెక్షన్ కూడా మీకు ఇప్పుడు పనికిరాదు. ఆ అధికారాన్ని విచారణ ముగిసి తీర్పు వెలువడేలోపే వాడాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. మీరు అడగవలసింది అదే పాత క్రైం నంబరులో తదుపరి దర్యాప్తు. పాత కోడ్‌లో అది 173(8)వ సెక్షన్, కొత్త సంహితలో 193(9). అది పోలీసులకు ఎప్పుడూ ఉండే అధికారమే. మేజిస్ట్రేటు దానికి ఆదేశించగలిగేది మాత్రం విచారణ మొదలయ్యేదాకానే అని 2019లో వినూభాయ్ మాలవీయ కేసులో చెప్పారు. మీ కేసులో విచారణ మొదలవడమే కాదు, ముగిసిపోయింది కూడా. అందుచేత వరుస ఇలా ఉండాలి: ముందు కోనసీమ జిల్లా ఎస్పీగారికి అన్ని కాగితాల నకళ్ళతో రాతపూర్వకంగా, రిజిస్టర్డు పోస్టులో వినతి, తగినంత కాలం ఆగినా కదలిక లేకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ పిటిషన్. అందులో కోరేది ఐదో వ్యక్తి పాత్ర వరకే పరిమితమైన తదుపరి దర్యాప్తు. మొత్తం కేసును మళ్ళీ మొదటి నుంచి దర్యాప్తు చేయించమని అడిగితే, విడుదలైనవారి హక్కులు అడ్డొచ్చి, అడిగిన దానిలో దక్కవలసింది కూడా దక్కకుండా పోతుంది.

సోమవారం నాడు కలెక్టరేటులోనో ఎస్పీ కార్యాలయంలోనో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తెచ్చుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. ఇవ్వండి, నష్టం లేదు. కాని ఆ అర్జీ మళ్ళీ అదే స్టేషన్‌కు వెళ్ళి ‘విచారించడమైనది, కేసు కోర్టులో ముగిసినది’ అన్న రెండు వాక్యాల జవాబుతో ముగుస్తుంది. హైకోర్టుకు చూపించడానికి మీ రిజిస్టర్డు పోస్టు అక్నాలెడ్జిమెంటే ఎక్కువ పనికొస్తుంది.

పిటిషన్ మాట అలా ఉంచి, కాగితాల దగ్గరికి రండి. అసలు పని ఇక్కడే ఉంది, చాలా కుటుంబాలు ఇదే చేయవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పోలీసు పరంగా మీ ఊరు అమలాపురంలోని ఎస్పీ కిందికి వచ్చింది. 2001లో ఆ కార్యాలయమే లేదు, అప్పటి జిల్లా పోలీసు కార్యాలయం కాకినాడలో ఉండేది. కోర్టుల పరంగా మీది రాజమహేంద్రవరం ప్రధాన కేంద్రంగా ఉన్న పాత తూర్పుగోదావరి సెషన్స్ డివిజను. మీ కేసు మొదట మేజిస్ట్రేటు కోర్టులో పీఆర్‌సీ (ప్రాథమిక రిజిస్టర్ కేసు) నంబరుతో ఉండి, తర్వాత విచారణకు సెషన్స్ కోర్టుకు పంపబడి (కమిట్ అయి) ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు తెచ్చుకుని ఉంటుంది. ఈ రెండు నంబర్లూ కావాలి. మీ దగ్గర తీర్పు నకలు లేకపోయినా, సంవత్సరం, పోలీస్ స్టేషన్, నిందితుల పేర్లు చెబితే రిజిస్టర్లలో వెతికి పట్టుకోవచ్చు. చట్టబద్ధ వారసురాలినని ప్రమాణపత్రం జతచేసి కాపీ అప్లికేషన్ వేయండి. పాత రికార్డులను గడువు ముగిశాక తొలగిస్తూ ఉంటారు గనుక ఈ ఒక్క పనిని వచ్చే నెలకు కూడా వాయిదా వేయవద్దు.

నకళ్ళు చేతికి వచ్చాక తీర్పు కంటే ముందు ఎఫ్‌ఐఆర్ చదవండి. మొదటి పుటలో నేరం జరిగిన తేదీ, సమయం, స్టేషన్‌కు సమాచారం అందిన సమయం, స్టేషన్‌కు ఎంత దూరం, నిందితుల పేర్లు, ఆలస్యానికి కారణం, కోర్టుకు పంపిన సమయం అని వరుసగా గడులు ఉంటాయి. పుట మీద ఎక్కడో ఒకచోట దాన్ని మేజిస్ట్రేటు అందుకున్న తేదీ, గంట చేతిరాతతో ఉంటాయి. స్టేషన్‌లో రాసిన సమయానికీ మేజిస్ట్రేటుకు అందిన సమయానికీ మధ్య పెద్ద వ్యవధి ఉంటే, ఆ మధ్యలో పేర్లు మారాయని వాదించడానికి ఇరుపక్షాలకూ అవకాశం దొరుకుతుంది. ఐదో పేరు మొదటి కాగితంలోనే ఉందా, తర్వాత వాంగ్మూలంలో వచ్చిందా చూడండి. మొదటి కాగితంలోనే ఉంటే మీ మాటకు చాలా బరువు పెరుగుతుంది. ఎందుకంటే ఇప్పుడు రాజకీయ కక్షతో కొత్తగా ఇరికిస్తున్నారన్న వాదన అక్కడితో ఆగిపోతుంది. తర్వాత శవ పంచనామా చూడండి. మృతుణ్ణి చివరిసారి ప్రాణాలతో ఎవరు, ఎవరితో చూశారు అన్న గడి, మరణకారణం మీద పంచాయతీదారుల (పంచనామాకు సాక్షులుగా కూర్చున్నవారి) అభిప్రాయం ఉన్న గడి. ఆ రోజుకు ఇంకా రాజీలు, ఒత్తిళ్ళు మొదలయ్యే వ్యవధి ఉండదు గనుక అక్కడ ఉన్న పేర్లకు విలువ ఎక్కువ.

మీ విషయంలో ఇంకొక మెలిక ఉంది, ఇది గోదావరి వాళ్ళకే వచ్చే చిక్కు. శవం యానాం వైపు ఒడ్డున దొరికిందన్నారు. యానాం పుదుచ్చేరి పరిధి. అక్కడి పోలీసులు ముందుగా గుర్తుతెలియని శవంగా కేసు కట్టి, శవ పంచనామా, పోస్టుమార్టం కూడా అక్కడే చేయించి ఉంటే ఆ అసలు కాగితాలు యానాంలో ఉంటాయి. వాటి నకళ్ళు మీ కేసు కట్టలో చేరి ఉండవచ్చు, చేరకపోయి కూడా ఉండవచ్చు. అక్కడి కోర్టులు మద్రాసు హైకోర్టు కింద ఉంటాయి, అక్కడి పోలీసులు మన డీజీపీ కింద ఉండరు. కాబట్టి వాటికి వేరే దరఖాస్తు, వేరే కార్యాలయం. శవం కాలువ లాకుల దగ్గరో ఏటి రేవులోనో దొరికిన కేసుల్లో సొంత స్టేషన్ చుట్టూనే తిరిగి, శవం దొరికిన స్టేషన్‌కు అసలు వెళ్ళని కుటుంబాలను నేను చాలా చూశాను. పోస్టుమార్టంలో చేతులకు తాడు ఒరుసుకున్న గుర్తులు, ఊపిరితిత్తుల్లో నీరు ఉన్నదీ లేనిదీ, చనిపోయి ఎన్ని గంటలైందన్న అంచనా ఉంటాయి. చంపి పడేశారా, నీళ్ళలో పడి చనిపోయారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవి అవే.

కోర్టులో దొరకని వాటికి సమాచార హక్కు చట్టం ఉంది. దర్యాప్తుకు ఆటంకమని 8(1)(హెచ్) కింద తిరస్కరించడం పోలీసులకు అలవాటే. అయితే అదే చట్టంలో 8(3) అని ఒక నిబంధన ఉంది: దరఖాస్తు తేదీకి ఇరవై ఏళ్ళ ముందు జరిగిన ఘటనకు సంబంధించిన సమాచారాన్ని, దేశ భద్రత, చట్టసభల హక్కులు, మంత్రిమండలి పత్రాలకు సంబంధించిన మూడు మినహాయింపులు తప్ప, ఇవ్వవలసిందే. మీ ఘటన 2001 నాటిది కాబట్టి ఆ గడువు దాటింది. దరఖాస్తులోనే 8(3)ను ప్రస్తావించి డిలీషన్ మెమో, దానికి ఆధారమైన విచారణ నివేదిక, ఫిర్యాదుదారుకు ఇచ్చిన నోటీసు, అప్పీలు వేయాలా వద్దా అన్నదాని మీద ప్రాసిక్యూషన్ విభాగం ఇచ్చిన అభిప్రాయం అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. ‘రికార్డు అందుబాటులో లేదు’ అన్న జవాబు వస్తే దాన్నీ జాగ్రత్తగా దాచండి, అది కూడా హైకోర్టుకు జతచేయవలసిన కాగితమే.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. ఆమె అప్పట్లో కోర్టులో చెప్పిన మాటకూ, ఇప్పుడు చెప్పదలచుకున్న మాటకూ వైరుధ్యం ఉంది. దీన్ని దాచి ముందుకు వెళ్ళలేం. సాక్షి ఎదురు తిరిగినంత మాత్రాన ఆమె చెప్పినదంతా చెల్లకుండా పోదు. నమ్మదగ్గ భాగాన్ని తీసుకోవచ్చని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. బెదిరింపుల మధ్య జరిగిన విచారణ విచారణే కాదని గుజరాత్ అల్లర్ల నాటి బెస్ట్ బేకరీ హత్యల కేసులో 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు విడుదల తీర్పును పక్కనపెట్టి, రాష్ట్రం బయట మహారాష్ట్రలో తిరిగి విచారణ జరిపించింది. ఇది ఆశ కలిగించే సగం. మిగతా సగం ఏమిటంటే, అదే కేసులో మాటలు పదేపదే మార్చినందుకు ప్రధాన సాక్షికి 2006లో ఏడాది జైలు పడింది. కాబట్టి మీ అమ్మగారు ఇప్పుడు చెప్పబోయేది చివరిమాట కావాలి. మళ్ళీ వెనక్కి తగ్గే అవకాశం ఏమాత్రం ఉన్నా ఇంత దూరం రాకపోవడమే ఆమెకు మేలు. పిల్లలుగా మీ కోరిక కోసం ఆమెను ముందుకు తోయవద్దని నా సలహా. ఆమె స్వయంగా నిర్ణయించుకున్నారని మీకు నమ్మకం కుదిరాకే కదలండి.

ఆమె సాక్ష్యం విషయంలో తొందర కూడా అవసరమే. 2006లో కోర్టులో ఆమె ఇచ్చిన సాక్ష్యాన్ని ఐదో వ్యక్తి మీద వాడలేం, ఆయన అప్పుడు కేసులో లేడు, ఆమెను ఎదురు ప్రశ్నలు వేసి పరీక్షించే (క్రాస్) అవకాశం ఆయనకు దక్కలేదు. అంటే ఆయనకు సంబంధించినంతవరకు ఆమె ఇంకా సాక్ష్యమే ఇవ్వనట్టు లెక్క. దర్యాప్తు తెరుచుకోకముందే నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి వాంగ్మూలం నమోదు చేయించుకోవడం కుదరదు. పిటిషన్‌తో పాటు ఆమె ప్రమాణపత్రం వేయించి, ఆమె వయసు, ఆరోగ్యం దృష్ట్యా కొత్త సంహిత 183వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు చేత వాంగ్మూలం త్వరగా తీయించమని అదే పిటిషన్‌లో కోరాలి. ఆ ప్రమాణపత్రంలో నాటి రాత్రి సంగతి ఎంత రాయాలో, 2006లో అలా ఎందుకు చెప్పవలసి వచ్చిందో కూడా అంతే వివరంగా రాయాలి: ఎవరు వచ్చారు, ఏం అన్నారు, కోర్టుకు ఏ బండిలో తీసుకెళ్ళారు, ఎవరు పక్కన కూర్చున్నారు అన్నవి.

రాజీ కాగితం మీ ఇంట్లో ఇంకా ఉందన్నారు. చింపవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు, ఫోనులో ఫొటో తీసి బంధువులకు పంపవద్దు. హత్య రాజీ పడదగ్గ నేరం కాదు గనుక దానికి చట్టంలో విలువ లేదు. కాని డబ్బు ఇచ్చినవాడిగానో, ఒప్పించిన పెద్దగానో ఐదో వ్యక్తి పేరో సంతకమో అందులో ఉంటే, నేరంతో ఏ సంబంధమూ లేనివాడు డబ్బు ఎందుకు ఇచ్చాడన్న ప్రశ్నకు ఆయన జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఇందులో ఒక ప్రమాదం ఉంది. నేరస్థుణ్ణి కాపాడటానికి సొమ్ము ఇవ్వడం ఎంత నేరమో, తీసుకోవడమూ అంతే నేరమని పాత శిక్షాస్మృతి 213, 214 సెక్షన్లు చెబుతున్నాయి. భర్త పోయి చిన్నపిల్లలతో మిగిలిన స్త్రీని, ఊరంతా కూర్చుని వేలిముద్ర వేయించాక, ఆ సెక్షన్ కింద ఎవరైనా నిలబెడతారని నేను అనుకోను. బెదిరించడానికి మాత్రం వాడతారు. అందుకే ఆ కాగితాన్ని మొదట చూడవలసింది మీ వకీలు.

సీబీఐ గురించి మీ తమ్ముడితో ఇలా చెప్పండి. రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి లేకుండానే సీబీఐ దర్యాప్తుకు ఆదేశించే అధికారం హైకోర్టుకు ఉందని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది అరుదైన సందర్భాలకే అని కూడా అదే తీర్పులో ఉంది. వైఎస్ వివేకానందరెడ్డి 2019 మార్చిలో హత్యకు గురైతే, 2020 మార్చిలో హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది. ఆయన భార్య, కుమార్తె పోరాడగా 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. ఘటన జరిగిన ఏడాదిలోపే తలుపు తట్టిన కుటుంబం అది, దేశమంతా చూస్తున్న కేసు కూడా. పాతికేళ్ళ నాటి లంక గ్రామపు హత్యకు ఆ కోరికతో మొదలుపెడితే ఉన్నది కూడా తేలికైపోతుంది. జిల్లాకు సంబంధం లేని, ఫలానా హోదాకు తగ్గని అధికారి పర్యవేక్షణలో తదుపరి దర్యాప్తు అని అడగండి. కోర్టులు ఇవ్వడానికి వెనుకాడని కోరిక అది.

ప్రభుత్వం మారినప్పుడల్లా పాత కేసులు తిరగదోడిస్తామని చెప్పే నాయకులు ఊళ్ళకు వస్తారు. వారి లెటర్‌హెడ్ మీద వినతి పంపించుకోవాలన్న ఆశ సహజమే. కాని ఆ ఒక్క కాగితంతో మీ నాన్నగారి కేసు ఎదుటి పక్షం నోట ‘కక్షసాధింపు’ అయిపోతుంది, మళ్ళీ ప్రభుత్వం మారితే ఆ నాయకుడి ఆసక్తి కూడా మారుతుంది. మీ పేరు మీద, మీ చిరునామాతో, మీ వకీలు ద్వారా వెళ్ళడమే మంచిది. కేసు తెరుచుకున్నాక ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకోవాలని చూస్తే, బాధితుల మాట వినకుండా కోర్టు అనుమతించరాదని కొత్త సంహిత 360వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలో ఈ రక్షణ లేదు. నిందితుడు ఎంపీగానో ఎమ్మెల్యేగానో ఉన్నా, గతంలో ఉన్నా, హైకోర్టు అనుమతి లేనిదే ఉపసంహరణ కుదరదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఖర్చు గురించి బెంగపడవద్దు. లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. హైకోర్టుకు అక్కడే వేరే కమిటీ ఉంది. మీరు కులం రాయలేదు. షెడ్యూల్డ్ కులాలకో తెగలకో చెంది, నిందితులు బయటి కులంవారైతే, అప్పట్లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు పెట్టారా, డీఎస్పీ హోదా అధికారి దర్యాప్తు చేశారా, 1995 నిబంధనల ప్రకారం రావలసిన సహాయం ఇచ్చారా అన్నవి తప్పక చూడాలి. ఆ సహాయంలో ఎక్కువ భాగం తీర్పు మీద కాక కేసు దశల మీద ఆధారపడేది. 2001లో ఉన్న పదాల ప్రకారం కులం కారణంగానే నేరం జరిగిందని చూపించవలసి ఉండేది, 2016లో వచ్చిన సడలింపు వెనక్కి వర్తించదు. బాధితుల పరిహార పథకం 2009 సవరణతో వచ్చింది. అంతకుముందు నేరాలకు వర్తిస్తుందా అన్నది వాదించి తెచ్చుకోవలసిన విషయం, అయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు పడేసి ఉంచండి.

భయం సంగతికి వస్తే, 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేస్తే, డీఎస్పీ స్థాయి అధికారి ముప్పు మీద నివేదిక ఇవ్వాలి. రక్షణ అంటే పోలీసు కాపలా ఒక్కటే కాదు. వాంగ్మూలం రోజు తోడు, ఇంటి దగ్గర గస్తీ, కెమెరా లాంటివి కూడా అడగవచ్చు. మీ అమ్మగారు ఇప్పటికీ అదే ఊళ్ళో, అదే వీధిలో ఉంటున్నారు గనుక ఈ దరఖాస్తును హైకోర్టు పిటిషన్ వేసే వారంలోనే వేయించండి, ముందు కాదు.

టీవీ గురించి చివరగా. ఆమె కెమెరా ముందు చెప్పిన ప్రతి వాక్యాన్నీ రేపు క్రాస్‌లో ముందుపెట్టి, ప్రమాణపత్రంలో ఉన్నదానితో పోల్చి, తేడాలు చూపిస్తారు. తారీకు తడబడినా, చొక్కా రంగు మారినా అదే వాదన అవుతుంది. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం పూర్తయ్యేదాకా మీ ముగ్గురిలో ఎవరూ ఎక్కడా మాట్లాడవద్దు. ఈలోగా ఊరి పెద్దల్లో ఎవరైనా మళ్ళీ రాజీ మాటలతో ఇంటికి వస్తే, వాదన పెట్టుకోకుండా పంపించి, వచ్చినవారి పేరు, తేదీ, అన్న మాట అదే రోజు ఒక నోటు పుస్తకంలో రాసుకుని, వకీలుగారికి చూపించండి.